ముడియా, కలయికయా? బైబిలులోని స్నేహపదములు

సూరతు మరమగ్గములపై పనిచేయు తెలుగువారిలో తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలు అనేకులు. మగ్గముమీది పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలకు క్రొత్త పోగుల కొసలను చేర్చి ముడివేయుటను మన నేతపనివారు అతుకుట యందురు. తెలుగు బైబిలున కొలొస్సయులకు వ్రాసిన పత్రికయందు విశ్వాసుల హృదయములు ప్రేమచే ఒకటగుటకు వాడబడినదియు ఈ అతుకు ధాతువే. సామెతల గ్రంథమున సహోదరునికంటె దగ్గరివాడైన స్నేహితునికి 'హత్తు' అను దేశ్యపదము పడినది. రెండును చేతిపనివారి మాటలు. రెండును మూలమునకు సన్నిహితములు.

అయితే సమూయేలు మొదటి గ్రంథము 18వ అధ్యాయమున మన అనువాదము తడబడినదని నా యభిప్రాయము. యోనాతాను ప్రాణము దావీదు ప్రాణముతో ఏమైనదో చెప్పుటకు హీబ్రూ రచయిత వాడినది 'కాషర్' ధాతువు. ముడివేయుట దాని యర్థము. తెలుగున అది 'కలిసిపోవుట' అయినది. నీరు పాలలో కలిసిపోవును. ముడిలో ఏ పోగు ఆ పోగుగనే యుండును. యోనాతాను తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును దావీదున కిచ్చెను, నిబంధన చేసెను. అయినను తండ్రిని విడువలేదు. గిల్బోవ కొండపై తండ్రితోడనే మరణించెను. ఇది కలిసిపోయినవాని చరిత్ర కాదు.

అంతేకాదు. 22వ అధ్యాయమున సౌలు తన కొలువువారు తనపై కుట్రపన్నిరని నిందించునప్పుడు ఆడిన క్రియయు ఆ ధాతువునుండి పుట్టినదే. ఒకరికి స్నేహమైన ముడి వేరొకరికి కుట్రగా కనబడెనని రచయిత సూచన. మన అనువాదమున ఆ శ్లేష యడగిపోయినది. 'కట్టు' అను మాట వాడినచో, అందరును కట్టగట్టుకొనిరను నుడికారము మనకున్నది గనుక, కొంతవరకు నిలిచెడిదేమో!

'ప్రాణస్నేహితుడు' అను సమాసము మాత్రము చక్కనిది. స్నేహశబ్దమునకు నూనె, జిగట అను నర్థము లుండుట అక్కడ మేలే చేసినది.

పౌలు సహచరులకు పడిన 'జతపనివారు' అను మాట అనువాదకులకును చెల్లును. లండన్ మిషనరీ సొసైటీవారగు క్రాన్, డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణము చేరి, ఆనందరాయరు తోడ్పాటుతో సువార్తలను తెనిగింపసాగిరి. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించిరి. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. ఆ సంఘమువారే యగు స్కిన్నర్, ఫైవీ 1815లో సూరతు చేరి గుజరాతీ అనువాదమునకు పూనుకొనిరి. స్కిన్నర్ 1821లో మరణించెను. ఫైవీ పని విడువలేదు. 1823 నాటికి గుజరాతీ బైబిలు సూరతునందే పూర్తియయ్యెను.