సాక్షులు లేని పెళ్ళి

‘లేచిపోవడం’ అన్న మన మాటలో నింద ఉన్నది. అదే అర్థమున్న ఆంగ్లపదానికి అమెరికాలో ఆ మచ్చ చాలావరకు పోయి, ఏకాంతంగా చేసుకొనే పెళ్ళి అన్న అర్థం వచ్చింది. కొలరాడో రాష్ట్రంలో వధూవరులే తమ పెళ్ళి జరుపుకొని పత్రంపై సంతకం చేయవచ్చు. పురోహితుడు అక్కరలేదు, సాక్షులూ అక్కరలేదు. అనుమతిపత్రం గడువు 35 రోజులు. సెప్టెంబరు చివర రాకీ పర్వతాలపై ఆస్పెన్ ఆకులు పసిడివన్నె తిరిగే వేళ జంటలు అక్కడికి చేరుతాయి. ఉదయం ఎండ, సాయంత్రానికి మంచు. ముహూర్తం మబ్బులే పెట్టాలి!

మాలినీతీరంలో శకుంతలా దుష్యంతులదీ ఇటువంటి పెళ్ళే. మనువు చెప్పిన ఎనిమిది వివాహాలలో గాంధర్వమూ ఒకటి. సాక్షి లేకపోబట్టే కదా, కొడుకుతో సభకు వచ్చిన ఆమెను రాజు ఎరుగనన్నాడు! భారతంలో ఆకాశవాణి పలకవలసివచ్చింది. కొలరాడోలో ఆ పని కాగితం చేస్తున్నది.

మన 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ముగ్గురు సాక్షులను అడుగుతుంది, సరే. కాని 30 రోజుల ముందే నోటీసు తీసుకొని కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటించడం ఎవరి మేలుకు? కులాంతరం చేసుకొనే పిల్లల జాడ వేటగాడికి చెప్పడమే అది. కొండమీది ఆ జంటకు భయం మంచువలన. వీరికి అయినవారి వలన. ఆ నోటీసును తీసివేయాలని నా అభిప్రాయం. పెద్దలెరుగని పెళ్ళి పెళ్ళే కాదనేవారు ఆదిపర్వం మరొకసారి తిరగవేయండి. ఆశ్రమానికి తిరిగివచ్చిన కణ్వుడు కూతురిని తప్పుపట్టలేదు.