తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు
హైదరాబాద్ చుట్టూ మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో ఈతకొలను మామూలైపోయింది గానీ, దిగేముందు ఆ నీళ్లను పరీక్షించే అలవాటు మనకింకా రాలేదు. అడుగు కనిపిస్తోంది కదా అని పిల్లల్ని దింపేస్తున్నాం. క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే మందు బాగా పడిందని ధీమా పడతాం. నిజానికి క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసి క్లోరమిన్లుగా మారినప్పుడే ఆ ఘాటూ, కళ్ల మంటా. క్రిములను చంపాల్సిన క్లోరిన్ అక్కడ తగ్గిపోయి ఉండొచ్చు. పైగా మన ఎండ! క్లోరిన్‌ను ఎండ నుంచి కాపాడే సయన్యూరిక్ ఆమ్లం నీళ్లలో లేకపోతే పొద్దున వేసిన మందులో చాలాభాగం మధ్యాహ్నానికే ఎండకు విరిగిపోతుంది. అందుకే సాయంత్రం వేయడం మేలు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. 8 దాటితే ఎంత క్లోరిన్ వేసినా దాని బలం బాగా పడిపోతుంది. కొలను కట్టించుకోగలిగినవాళ్లకు టెస్ట్ కిట్ ఖర్చు ఒక లెక్క కాదు. రోజూ చూసుకోవాల్సింది యజమానే. మందు కలిపే పని వాచ్‌మన్‌కి అప్పగిస్తే మాత్రం అతనికి చేతితొడుగులు, రక్షణ కళ్లద్దాలు ఇచ్చి తీరాలి. పీహెచ్ తగ్గించడానికి వాడే ఆమ్లాన్నీ క్లోరిన్‌నూ ఒకే బకెట్లో కలిపితే విషవాయువు పుడుతుందని దగ్గరుండి నేర్పాలి.