వార్త ఏదో, వ్యాఖ్య ఏదో తెరమీదే చెప్పాలి

పత్రిక చదివేవారికి సంపాదకీయం ఏ పేజీలో వస్తుందో తెలుసు. జరిగిన విషయం ఒకచోట, దానిపై పత్రిక అభిప్రాయం మరోచోట ఉంటాయి. పత్రికలు ఈ హద్దును ఎన్నడూ దాటలేదని కాదు, దాటితే పాఠకులు పట్టుకోగలరు. టీవీలో ఆ హద్దే కనిపించదు. బులెటిన్ చదివిన యాంకరే అదే స్టూడియోలో, అదే బ్రేకింగ్ న్యూస్ పట్టీ మీద చర్చకు దిగి తీర్పులు ఇచ్చేస్తారు. మంత్రి రాజీనామా చేశారన్నది వార్త, చేతగాక చేశారన్నది వ్యాఖ్య. వ్యాఖ్యలు వద్దని ఎవరూ అనరు. ప్రజాస్వామ్యానికి అవి కావాలి. అయితే అది వ్యాఖ్య అని చూసేవారికి ముందే తెలియాలి.

తెలియకపోతే ఏమవుతుందో అమెరికాలో ఫాక్స్ న్యూస్‌పై నడిచిన రెండు కేసులు చెబుతాయి. 2018 డిసెంబరులో ఆ ఛానల్ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ తన కార్యక్రమంలో ఒక మహిళపై చేసిన ఆరోపణలు పరువు నష్టం దావాకు దారితీశాయి. ఆ కార్యక్రమం ధోరణి ఎరిగినవారెవరూ ఆ మాటలను అక్షరాలా నిజమనుకోరని ఛానల్ న్యాయవాదులు వాదించారు. 2020 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని అంగీకరించి దావా కొట్టేసింది. ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమినియన్‌పై ఛానల్‌లో వచ్చిన ఆరోపణల కేసులో మాత్రం ఇలాంటి వాదన చెల్లలేదు. ఆ ఆరోపణలు అభిప్రాయాలేనన్న వాదనను 2023లో డెలావేర్ న్యాయమూర్తి తోసిపుచ్చాక, ఛానల్ 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. కంపెనీకి పరిహారం దక్కింది. ఆ మాటలు నమ్మిన ప్రేక్షకులకు జరిగిన నష్టాన్ని ఏ కోర్టూ లెక్కగట్టలేదు.

ఏ ఛానల్ ఏ పార్టీ వైపో తెలుగువారికి తెలియనిదా అని కొందరంటారు. యజమాని మొగ్గు తెలిసినంత మాత్రాన, యాంకర్ చెప్పిన పది మాటల్లో ఏది నిర్ధారించుకున్నదో, ఏది ఊహో తేలదు. పైగా ఆ అనుమానం నికార్సైన వార్తనూ మింగేస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక జారీ అయిందన్నా, ఎవరి ఛానల్ చెప్పిందో చూసి నమ్మే పరిస్థితి వస్తే, వరదలో తడుస్తూ సమాచారం పంపిన విలేకరి శ్రమ వృథాయే. ఏ వార్తను ఎంచుకోవాలన్నదే ఒక అభిప్రాయం కదా, ఇక తేడా ఎక్కడన్నది మరో వాదన. ఎంపికలో దృష్టికోణం ఉంటుంది, నిజమే. అయినా నీటిమట్టం ఎంతో కొలిచి చూడొచ్చు. ముంపునకు ఎవరు బాధ్యులన్నది వాదించి ఒప్పించాల్సిన సంగతి. ఒకదానికి ఆధారం చూపాలి, మరోదానికి తర్కం కావాలి.

వార్తను, వ్యాఖ్యను వేరుచేసి చూపాలని నిబంధన పెడితే ప్రభుత్వం చేతికి కర్ర ఇచ్చినట్లే అన్న భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో చెప్పిన సుప్రీంకోర్టు, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యాన్నీ ఒప్పుకోలేదు. కాబట్టి ఈ పని ఛానళ్లే చేసుకోవాలి. చర్చ నడిచినంతసేపూ తెరపై ‘అభిప్రాయం’ అన్న మాట ఉండాలి. అప్పుడు అందులోంచి కత్తిరించి వాట్సాప్‌లో పంపిన ముక్క మీదా అది కనిపిస్తుంది. బులెటిన్ చదివేవారు చర్చలు నడపకూడదు. పొరపాటు చెబితే, చెప్పిన సమయంలోనే దిద్దుకోవాలి. ఇందులో ఏదీ ఎవరి నోరూ నొక్కదు. కేసు పడ్డాక జడ్జికి చెప్పుకొనే మాటను, ప్రసారం చేసేటప్పుడే ప్రేక్షకులకు చెప్పమనడం అన్యాయం కాదు.