చెప్పిన బిడ్డను తిట్టకండి

కుక్క కరిచిన సంగతి ఇంట్లో చెప్పకుండా దాచే పిల్లలు ఉన్నారు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అమ్మ కొడుతుందని" అంటారు. వెంటనే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి టీకాలు వేయిస్తే రేబిస్‌ను ఆపవచ్చు. లక్షణాలు కనబడిన తరువాత బ్రతికించడం దాదాపు అసాధ్యం. అందుకే, కాటు ఎంత ప్రమాదమో బిడ్డ మౌనమూ అంత ప్రమాదమని నర్సులమైన మేము నమ్ముతాము.

ఫోను విషయంలోనూ మేము చెప్పదలచినది ఇదే. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పాఠాల కోసం ఫోను చిన్నపిల్లల చేతికి వచ్చింది. బడులు తెరిచారు గాని చాలా ఇళ్లలో ఫోను తిరిగి పెద్దల చేతికి రాలేదు. రెండు, మూడు తరగతుల పిల్లలు కూడా అమ్మ ఫోనులో ఆటలు ఆడుతున్నారు. కొన్ని ఆటల్లో ముక్కూ మొహం తెలియనివారు మాట కలుపుతారు. తానూ పిల్లవాడినేనని నమ్మిస్తారు. ఆటలో బహుమతులు ఇస్తామంటారు, ఆపైన ఫోటో అడుగుతారు. చివరికి, "ఇంట్లో చెప్పావంటే దెబ్బలు నీకే" అని బెదిరిస్తారు. మన కోపమే వారికి ఆయుధమన్న మాట!

ఫోను లాక్కుంటే సరిపోతుంది గదా అని కొందరు అంటారు. హద్దు పెట్టడం అవసరమే. 13 ఏళ్లలోపు పిల్లలు ఖాతా తెరవకూడదని ఇన్‌స్టాగ్రామ్ నియమమే చెబుతోంది. కాని మన ఇంట్లో లాక్కుంటే పక్కింట్లో మరో ఫోను దొరుకుతుంది. బిడ్డ వెంట ఎల్లప్పుడూ ఉండేది మనం నేర్పిన మాటే.

ఒకటవ తరగతి నుండే ఈ నాలుగు మాటలు నేర్పండి.

1. పూర్తి పేరు, బడి పేరు, ఇంటి చిరునామా, ఓటీపీ ఫోనులో ఎవరికీ చెప్పకూడదు.
2. ఎవరైనా ఫోటో అడిగినా, వీడియో కాల్‌కు పిలిచినా ముందు అమ్మనో నాన్ననో పిలవాలి.
3. "ఎవరికీ చెప్పవద్దు" అని ఎవరైనా అంటే తప్పకుండా ఇంట్లో చెప్పాలి.
4. భయం, సిగ్గు కలిగించేది కనబడితే ఫోను బోర్లా పెట్టి పెద్దల దగ్గరకు రావాలి.

పెద్దలు నేర్చుకోవలసినది ఒకటుంది. బిడ్డ వచ్చి చెప్పగానే, "నీకు ఫోను ఇవ్వడమే నా తప్పు" అని అరవకండి. "చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు" అనండి. బడి యూనిఫాంలో ఉన్న బిడ్డ ఫోటోను అందరూ చూసేలా స్టేటస్‌లో పెట్టే అలవాటు మనమూ మానుకోవాలి. మనం పాటించనిది పిల్లలు పాటించరు.

బెదిరింపు మెసేజీలను చెరిపివేయకండి, ఇతరులకు పంపకండి. అవే సాక్ష్యం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి, బిడ్డ ఆపదలో ఉంటే 1098కి ఫోన్ చేయండి. 1098 ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది.

పరువు పోతుందని ఊరుకునే కుటుంబాలకు ఒక మాట. లైంగిక ఉద్దేశంతో బిడ్డను ఫోనులో వేధించడం 2012 నాటి పోక్సో చట్టం క్రింద నేరం. ఆ చట్టం ప్రకారం బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి వద్దనే తీసుకోవచ్చు. తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పత్రికలు, టీవీలు బిడ్డ పేరు, ఫోటో, బడి వివరాలు బయటపెట్టకూడదు.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనాల దగ్గర, "ఈ రోజు ఫోనులో ఏం చూశావమ్మా?" అని నెమ్మదిగా అడగండి. జవాబు ఏదైనా పూర్తిగా వినండి. రేపు ఆపద వచ్చినా మన బిడ్డ మన దగ్గరకే రావాలి.