ఉస్మానియా నేర్పిన పాఠము

మూసీనది యొడ్డున 1591లో వెలసిన హైదరాబాదునకు ఆ నదియే జీవము. 1908 సెప్టెంబరు 28న వేలకొలది ప్రజలను బలిగొన్నదియు నా నదియే. ఆ విపత్తు పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టబడినవి. నగరమును తిరిగి నిలువబెట్టిన ఆ కాలముననే, 1917లో, ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వెలువడెను. తొలుత ఊరిలోని భవనములలో నడచిన విద్యాలయము పిదప నదికి ఉత్తరముననున్న అడిక్‌మెట్టునకు తరలెను. అచట ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభింపబడెను.

ఆ శిలాసౌధమును చూచి మెచ్చనివారుండరు. కాని ఉస్మానియా ఘనత రాళ్లలో లేదు. బ్రిటిషు ఏలుబడిలోని విశ్వవిద్యాలయములు ఆంగ్లమునే పట్టుకొని యుండగా, ఇచట చరిత్ర, గణితము మొదలుకొని వైద్యము, ఇంజనీరింగు వఱకు ఉర్దూలో బోధించిరి. అందులకై 1917లోనే అనువాదశాఖ నెలకొల్పి, గ్రంథములను తర్జుమా చేయించి, పారిభాషిక పదములను కల్పించిరి. దేశభాషలు శాస్త్రభారమును మోయజాలవనెడి వాదమునకు ఇంతకన్న గట్టి సమాధానము లేదు.

అయితే ఆ న్యాయము సగమే. నిజాం రాజ్యమున పల్లెలలో వినబడినవి తెలుగు, మరాఠీ, కన్నడములు. రాయప్రోలు సుబ్బారావుగారి వంటి మహాకవి తెలుగు ఆచార్యుడై యుండినను, తెలుగు రైతుబిడ్డకు శాస్త్రము తన నుడిలో లభింపలేదు. 1938లో వందేమాతరము పాడినందుకు విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో పెక్కుమందిని నాగపూరు విశ్వవిద్యాలయము ఆదరించినది. 1948 తరువాత ఉర్దూ స్థానమున ఆంగ్లము కూర్చున్నది. ఒక తాళము తీసి మఱియొక తాళము వేసినట్లయినది.

విశ్వవిద్యాలయమునకు ఆనుకొనియున్న తార్నాక పేరునకు తీగకంచె కాపలాస్థానమని కొందఱర్థము చెప్పుదురు. ఆ పేరు నేటి విద్యకును తగియున్నది. 1944లో ఆరంభమైన పరిశోధనాలయమునుండి ఎదిగిన రసాయన సాంకేతిక సంస్థయు, 1958లో కూనూరునుండి తరలివచ్చిన పోషకాహార సంస్థయు ఇచటనే కలవు. మన జొన్నలలో, పప్పులలో నేమున్నదో కనుగొను విద్వాంసులు మన ముంగిటనే యున్నారు. కాని వారి విద్య మొదట వ్రాయబడునది ఆంగ్లమున. ఆ కంచె దాటి మన రైతునొద్దకు చేరునది ఎంత?

ఆంగ్లము లేనిదే ఉద్యోగము లేదని తల్లిదండ్రులందురు. ఆంగ్లమును వెడలగొట్టుమని మేము కోరము. ఉస్మానియాలోను ఉర్దూతోపాటు ఆంగ్లమును తప్పనిసరిగా నేర్పిరి. పరభాషను నేర్చుట వేఱు, పరభాషలోనే సమస్తమును నేర్చుట వేఱు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడినది. దానికి తొలి యధ్యక్షులు పి.వి. నరసింహారావుగారు. నాడు నాగపూరు చేరిన విద్యార్థులలో వారొకరు. ఆ సంస్థ పాఠ్యగ్రంథములనేకము ప్రచురించినది. గ్రంథములుండియు బోధించు తరగతులు కొఱవడినచో నవి బీరువాల పాలగును.

కావున ఉస్మానియాలోని ప్రతి శాస్త్రశాఖయు తెలుగున బోధించు తరగతి నొకదానినైన నడపవలెను. తార్నాకలోని పరిశోధకులు ప్రజలకు పనికివచ్చు ఫలితములను వెంటనే తెలుగున వెలువరింపవలెను. భూస్వాములు, పురప్రముఖులు తమ పిల్లలను ఆ తరగతులకు పంపి దారి చూపవలెను. పేదలకు మాత్రమే తెలుగుచదువని తలచితిమా, అది తొలినాడే నీరసించును. ఉర్దూకు నాడు చేయగలిగినదానిని తెలుగునకు నేడు చేయలేమనుట భాషాలోపము గాదు, మన సంకల్పలోపము.