ఇంటింటి ముచ్చట్లు: తప్పు తీగదా, కుర్రవానిదా?

బెంగుళూరులో ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు మా హోసూరు ఇంటికి వచ్చి, మేడమీది నీళ్లతొట్టి నిండగానే మ్రోగే గంట ఒకటి చేసిపెట్టాడు. ఎస్.పి. రోడ్డులో కొనితెచ్చిన బ్రెడ్‌బోర్డుమీద మైక్రోకంట్రోలరును గ్రుచ్చి, తీగలు అమర్చాడు. తొమ్మిది రోజులు చక్కగా మ్రోగింది. పదవనాటి తెల్లవారుజామున మ్రోగలేదు. తొట్టి పొర్లి క్రిందివాటా వారి బియ్యపు మూటలు తడిసినవి. అందరమూ వాడి ప్రోగ్రామునే తప్పుపట్టాము. మేము ఒక మాట ఎక్కువే అన్నాము. పాపం, వాడు రెండు రాత్రులు మేలుకొని ప్రోగ్రామంతా తిరగవ్రాశాడు. మూడవనాడు, తొట్టి నిండియున్న వేళ, మా అమ్మగారు దుమ్ము తుడుస్తూ ఒక తీగను కదపగా గంట గణగణ మ్రోగింది!

పూర్వం రేడియో ముచ్చటగలవారు వంటింటి రొట్టెకోసే చెక్కమీద మేకులు కొట్టి తీగలు చుట్టేవారట. పేరు అందుండి వచ్చినదే. ఇప్పటి ప్లాస్టికు పలకలో రంధ్రానికీ రంధ్రానికీ 2.54 మిల్లీమీటర్ల ఎడం. అయిదేసి రంధ్రాల క్రింద ఒక లోహపు బద్ద తీగను పటకారువలె పట్టుకొంటుంది. టంకం లేదు, ఆ పట్టే ఆధారం. లావుకాళ్ల డయోడును ఒకసారి దూర్చితే బద్ద సాగిపోతుంది; పిదప సన్నతీగ నిలువదు. కొన్ని పెద్దపలకలలో అంచునుండే సరఫరా వరుస నడుమ తెగియుంటుంది. రెడీమేడు తీగలైతే లోలోపలే తెగి, పైకి బాగున్నట్లే కనబడతాయి.

చిక్కెక్కడనగా, సరఫరా క్షణం తప్పినా మైక్రోకంట్రోలరు మళ్లీ మొదటికి వస్తుంది. తీగ తగలని ఇన్‌పుట్ కాలు ఒకసారి సున్న, ఒకసారి ఒకటి చదువుతుంది. చూచేవారికి ప్రోగ్రామే చెడినట్లుంటుంది. కనుక ప్రోగ్రాము జోలికి పోకముందు తీగలన్నిటిని వ్రేలితో నొక్కి, మల్టీమీటరుతో చూడవలెను.

అంతమాత్రాన పలకను పారవేయమనము. దీపం వెలిగించుట, బొత్తాం చదువుట వంటి నెమ్మదిపనులకు అది చాలును. 16 మెగాహెర్ట్జుల స్ఫటికం కూడ చిప్పుకు ఆనించి పెడితే సాధారణంగా నడుస్తుంది. అంతకు చాలా మించిన వేగాలకు మాత్రం పనికిరాదు. ప్రక్కప్రక్క బద్దల నడుమ కొన్ని పికోఫారడుల కెపాసిటెన్సు ఉంటుంది మరి. చిప్పు సరఫరా కాళ్ల చెంతనే 0.1 మైక్రోఫారడు కెపాసిటరు పెట్టండి. మోటారుకు పోయే 230 వోల్టుల తీగను ఆ పలక దరికి రానీయకండి.

వాడు వెళ్లేముందు అంతా జీరో పీసీబీమీద టంకం పెట్టి బిగించాడు. ప్రోగ్రాము మొదటిదే! క్రిందివాటా వారికి బియ్యం కొనియిచ్చాము. వాడికి చెప్పవలసిన మాట మాత్రం, బస్సు కదిలేదాకా మా నోట రాలేదు.