పొద్దుపొడుపు లెక్క

విదేశం అంటే ఇవాళ మనకు అమెరికానే. ఒకప్పుడు మన పంతుళ్లకు అది ఇథియోపియా. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలో, అంటే 1974కు ముందు, అక్కడి బడులు మన దేశం నుంచి ఉపాధ్యాయులను పెద్ద సంఖ్యలో పిలిపించుకున్నాయి. మా లెక్కల మాస్టారు అలా వెళ్లినవారే. రాజమండ్రిలో ట్రైనింగు అప్పుడే పూర్తయింది. పెట్టెలో లెసన్ ప్లాన్ల నోట్సు, చేతిలో ఎర్ర సిరా పెన్ను.

మొదటి వారమే గడియారం లెక్క ఇచ్చారట. ఎనిమిదింటికి మొదలయ్యే బడిని పిల్లలంతా రెండింటికని రాశారు. అన్నీ కొట్టేశారు. తీరా కనుక్కుంటే అక్కడ గంటలు పొద్దుపొడుపు నుంచి లెక్క. మన ఏడు వాళ్లకు ఒకటి. ఏడాదికి నెలలేమో పదమూడు! “ఆ తప్పులన్నీ నావేనర్రా” అనేవారు మాతో. మన ఘడియలూ పొద్దుపొడుపు నుంచేగా, రోజుకు 60, ఒక్కోటి 24 నిమిషాలు. తాతగారు చెప్పిన ఆ లెక్క ఆయనకు అంత దూరం వెళ్లాక గుర్తొచ్చింది.

అప్పటినుంచి పాఠానికి ముందు ఒకటే ప్రశ్న: మీ ఇంట్లో దీన్నెలా కొలుస్తారు? కోనసీమకు తిరిగొచ్చాక మాకు భిన్నాలు సోల, తవ్వ, మానికలతోనే చెప్పారు. తవ్వలో సగం సోల, మానికలో సగం తవ్వ. ట్రైనింగు కాలేజీ ఆయన్ని పంతులుగా పంపింది గానీ, పంతుల్ని చేసింది ఆ ఇథియోపియా పిల్లలేనని నా అభిప్రాయం.

లెక్కల్ని ఇలా మనకు దగ్గర చేసినవారు పూర్వమూ ఉన్నారు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన మీద వ్యాసమూ ఈ సంచికలో ఉంది. మీ ఇళ్లలో ఇలాంటి మాస్టార్ల పాత నోటుపుస్తకాలుంటే పంపండి. చూసుకుని, భద్రంగా తిప్పి పంపిస్తాం.